కవిరాజు పొడి, నాన్న మోకాళ్ళు

మొదటి రోజు ఎలకని పట్టుకోమంటే నా చేతులు చెమటలు పట్టి జారిపోయాయి. తెల్లటి ఎలక, ఎర్రటి కళ్ళు. తోక పట్టి ఎత్తి, రెండో చేత్తో మెడ వెనక చర్మం బిగించి, గుప్పిట్లో ఇముడ్చుకోవాలి. అలా ఇముడ్చుకున్నప్పుడు దాని గుండె నా అరచేతికి తగిలేది. కొట్టుకుంటున్నది దాని గుండో నా గుండో తెలిసేది కాదు. నాకు ముక్కు మీద కోపం అని మా ట్రాఫిక్‌లో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. భయం అంతకంటే ఎక్కువని మాత్రం ఎవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు.

ట్రాఫిక్ అంటే ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల కాలనీ. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడే వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు కాబట్టి ఏ వరండాలో నిలబడ్డా తెలుగే వినిపించేది. అరవైల చివర్లో నేను బీఎస్సీ పాసై ఇంట్లో కూర్చుని అమ్మతో పోట్లాడుతున్న రోజుల్లో, ఊళ్ళోనే సుభాష్‌పల్లిలో ఒక బెంగాలీ పెద్దాయన దగ్గర పని దొరికింది. ఆయన కలకత్తాలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరై వచ్చి, తన పాత ఇంటి వెనక రెండు గదుల్లో చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. ఒక మందుల కంపెనీ ఆకుల రసాలూ, వేళ్ళ కషాయాలూ సీసాల్లో పంపేది. అవి వాపు తగ్గిస్తాయా, కొవ్వు కరిగిస్తాయా అన్నది ఎలకల మీద చూసి చెప్పడం మా పని. నేనాయన్ని సర్ అనేదాన్ని. ఆయన నన్ను బెంగాలీలు కూతుర్ని పిలిచినట్టు ‘మా’ అనేవారు.

వాపు పని చెప్తాను, తరవాత కథకి అది కావాలి. సముద్రపు నాచు నుంచి తీసిన పొడిని నీళ్ళలో కలిపి ఎలక వెనక కాలి పాదంలోకి సూదితో ఎక్కించేవాళ్ళం. మధ్యాహ్నానికల్లా ఆ పాదం బూరెలా ఉబ్బేది. మడమ దగ్గర సిరాతో గీత గీసి, ఆ గీత దాకా పాదాన్ని పాదరసం ఉన్న గాజు గొట్టంలో ముంచితే, పక్క గొట్టంలో పాదరసం ఎంత లేచిందో అంత వాపు. కొన్ని ఎలకలకి ముందుగా ఆకు రసం తాగించేవాళ్ళం, కొన్నిటికి వట్టి నీళ్ళు, కొన్నిటికి ప్రెడ్నిసొలోన్ అనే మాత్ర నూరి కలిపిన నీళ్ళు. ఆ మాత్ర వాపు తగ్గిస్తుందని లోకానికంతా తెలుసు. మన ఆకు దాని పక్కన నిలుస్తుందా లేదా అన్నదే చూడాలి. ఏ ఎలక ఏ గుంపుదో గుర్తుండడానికి తల మీదో, వీపు మీదో, తోక మొదట్లోనో పసుపుపచ్చ రంగు పూసేదాన్ని. ఆ రంగు నా వేళ్ళకి అంటుకుని రోజుల తరబడి పోయేది కాదు. అమ్మ అది పసుపనుకుని, ఎప్పుడూ లేనిది పిల్లకి బుద్ధొచ్చిందని మురిసిపోయింది.

కొవ్వు కరిగించే పని ఇంకో గదిలో. అక్కడ ఎలకలకి పిండిలో వనస్పతి కలిపి ముద్దలు పెట్టి లావు చేసి, అప్పుడు కషాయం పట్టేవాళ్ళం. మా ఇంట్లో నెలాఖరు వచ్చిందంటే నూనె సీసా తలకిందులుగా పెట్టుకుని చుక్క కోసం చూసేవాళ్ళం. ఆ ముద్దల సంగతి చెప్పినప్పుడు నాన్న పగలబడి నవ్వి, వచ్చే జన్మలో మీ సర్ గారింట్లో ఎలకగా పుడతానని అన్నాడు.

నాన్న యార్డులో షంటింగ్ జమాదారు. అంటే వ్యాగన్లని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్చి గూడ్సు బండిగా జోడించే పని. ఇంజను మెల్లిగా నెడుతుంటే కదులుతున్న బండి మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి జెండా ఊపాలి, దిగాలి, రెండు వ్యాగన్ల మధ్య దూరి కొక్కెం తగిలించాలి, మళ్ళీ ఎక్కాలి. గొంతు యార్డు దాటి వినిపించేది. ఇంట్లోనూ అదే గొంతు. భయం అన్న మాట ఆయన నోట నేను వినలేదు. ఎవరైనా భయపడ్డారని చెప్తే, మనిషి పుటక పుట్టి జడుసుకోడమేటి అని తీసిపారేసేవాడు.

అలాంటి మనిషికి మోకాళ్ళు వాచాయి. పొద్దున్న లేచి మంచం పట్టె పట్టుకుంటే గానీ నిలబడలేకపోయేవాడు. చేతి వేళ్ళ కణుపులు కూడా ఉబ్బి ఎర్రబడేవి. మెట్టు మీంచి దిగేటప్పుడు ఒకసారి కాలు మడతపడి పట్టాల పక్కన పడ్డాడట. తోటివాళ్ళు లేపారు. ఆ మాట వాళ్ళ ఇళ్ళ మీదుగా అమ్మకి చేరింది, నాన్న మాత్రం చెప్పలేదు.

రైల్వే ఆసుపత్రి మా ఊళ్ళోనే ఉంది. డబ్బు పెట్టక్కర్లేదు. అయినా వెళ్ళడానికి లేదు. ఎందుకు లేదో రైల్వే వాళ్ళకే అర్థమవుతుంది. మోకాళ్ళు వాచాయని డాక్టరు కాగితం మీద పెట్టాడంటే మెడికల్‌కి పంపిస్తారు, మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారు, అన్‌ఫిట్ అంటే ఆ పని నుంచి తీసి ఎక్కడో మూల కూర్చోబెడతారు. మా వరసలోనే ఒకాయన్ని కళ్ళు ఆనడం లేదని అలా తీసేశారు. గార్డు డ్రస్సులో ఛాతీ విరుచుకుని తిరిగిన మనిషి, వెయిటింగ్ హాలు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. ఆ తరవాత ఆయన ఎవరింటికీ పండక్కీ పెళ్ళికీ రాలేదు. ఆయన పేరెత్తితే నాన్న మాట మార్చేసేవాడు. మా కాలనీలో జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, అసలు జబ్బు వస్తే దాచుకునేవాళ్ళు.

దాచుకున్న వాళ్ళందరికీ దిక్కు గోల్ బజారు కవిరాజు. బెంగాలీలు నాటు వైద్యుణ్ణి అలా అంటారు. చిన్న కొట్టు, గోడ నిండా గాజు సీసాలు. నాన్నకి ఒక గోధుమరంగు పొడి పొట్లాలు కట్టి ఇచ్చి, అంతా వేళ్ళూ ఆకులే దాదా, పొద్దున్న తేనెలో నాకమని చెప్పాడు. వంకాయ, గుమ్మడికాయ మానమన్నాడు. అమ్మ ఆ పథ్యాన్ని మేం కూడా చేసేలా చూసింది.

చెప్తే నమ్మరు గానీ వారం తిరక్కుండా నాన్న లేచి నడిచాడు. గొంతుక్కూర్చుని చెప్పుల పట్టీ కుట్టుకున్నాడు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ సంతోషమే, దాంతోపాటు ఒళ్ళు మండింది కూడా. ఏడాదిగా సీసాల కొద్దీ రసాలు ఎలకలకి పట్టిస్తున్నాను, ఏదీ ఇంతలా పనిచెయ్యలేదు. నాన్న ఊరుకుంటాడా, మీ సర్‌ని రమ్మను, కవిరాజు దగ్గర నేర్సుకుంటాడు అని రోజూ ఏడిపించేవాడు. ఆఖరికి తనే ఒక పొట్లం నా చేతిలో పెట్టి, తీసుకుపోయి సూసుకోండి అన్నాడు.

సర్ ఆ పొడిని వేలితో నలిపి వాసన చూశారు. మామూలుగానే ఎలకలకి పట్టించాం, పాదంలో సూది వేశాం. మధ్యాహ్నం కొలుద్దామని పట్టుకుంటే పాదం ఉబ్బనే లేదు. పాదరసం లేవాల్సినంత లేవలేదు. నేను గెంతులు వెయ్యడం ఒక్కటే తక్కువ. సర్ మాత్రం కొలిచే గొట్టాన్ని అలాగే పట్టుకుని చాలాసేపు చూసి, ఒక్క రోజుతో సరిపోదు మా, దీన్ని కొన్ని వారాలు ఇద్దాం, పక్కనే ప్రెడ్నిసొలోన్ గుంపు కూడా నడుపుదాం అన్నారు.

ఆ వారాల్లో ఇంట్లో నాన్న లావయ్యాడు. ముందు మొహం నిండింది. బుగ్గలు గుండ్రంగా, ఎర్రగా, పున్నమి చంద్రుడిలా అయ్యాయి. పొట్ట వచ్చింది. ఆకలి ఎక్కువై రెండుసార్లు అన్నం కలుపుకునేవాడు. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇరుగుపొరుగు కళ్ళు పడతాయని ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. నాకు మాత్రం ఆ మొహం చూస్తే ఏదోలా ఉండేది. మొహం ఒకళ్ళది, చేతులు ఒకళ్ళవి అన్నట్టు ఉండేది. చేతులూ పిక్కలూ సన్నబడుతున్నాయి. ఎక్కడైనా కాస్త తగిలితే నల్లగా కమిలేది.

ప్రయోగశాలలో సంగతి అడ్డం తిరిగింది. పొడి తిన్న ఎలకలు చిక్కిపోతున్నాయి. బొచ్చు గరుకుగా లేచిపోయి, భుజాల ఎముకలు పొడుచుకొచ్చాయి. ప్రెడ్నిసొలోన్ గుంపూ అంతే. ఈ రెండు గుంపుల్నీ కలిపేస్తే రంగు చూడకుండా విడదీయలేం. అది చూసి నాకు కాస్త దడుపు పుట్టింది, వెంటనే ధైర్యమూ వచ్చింది. ఎలకలు చిక్కుతున్నాయి, నాన్న లావవుతున్నాడు, కాబట్టి నాన్నకి పడింది, ఎలకకి పడలేదు. రోజంతా ఎలకల బరువులు తూచేవాళ్ళకే ఇలాంటి ధైర్యం వస్తుంది. ఇంటికి వెళ్ళి ఆ మాటే చెప్పాను, అందరం నిశ్చింతగా ఉన్నాం.

దసరా సెలవులకి ముందు, ఆఖరి పనిరోజున సర్ ఆ ఎలకల్ని కోసి చూశారు. నన్ను దగ్గరికి పిలిచి, మూత్రపిండం నెత్తిన ఉండే చిన్న గ్రంథిని పట్టకారుతో చూపించారు. నీళ్ళు తాగిన ఎలకలో అది కందిగింజంత ఉంది. పొడి తిన్నదానిలో వెతుక్కోవాల్సి వచ్చింది. పొడిలో ఆకులున్నాయో లేదో గానీ, ఈ మాత్ర నూరి కలిపారు మా, నాకింక అనుమానం లేదు అన్నారు. ఈ పొడి మా నాన్న తింటున్నాడు సర్, చిక్కలేదు, లావయ్యాడు అన్నాను నేను. ఆయన పట్టకారు కింద పెట్టేశారు. లావంటే ఎక్కడ, మొహమా, పొట్టా, చేతులు సన్నబడ్డాయా అని ఒక్కొక్కటే అడుగుతుంటే, అన్నిటికీ అవునంటూ పోయాను.

అప్పుడు చెప్పారు. ఇదే మందు ఎలకని చిక్కిస్తుంది, మనిషి మొహాన్ని గుండ్రం చేస్తుంది. మందొక్కటే, ఒళ్ళు వేరు. అది కూడా పెద్ద భయం కాదన్నారు. ఆ గ్రంథి మనిషి ప్రాణాన్ని నిలబెట్టే రసం తయారు చేస్తుంది. బయటి నుంచి రోజూ వస్తుంటే అది పని మానేసి నిద్రపోతుంది. ఉన్నట్టుండి మందు ఆపేస్తే లోపలా లేదు, బయటా లేదు. ‘ఆపొద్దు. ఒక్క రోజు కూడా ఆపొద్దు. డాక్టరుకి అంతా చెప్పి, ఆయన చేతుల మీదుగా మెల్లమెల్లగా తగ్గించాలి’ అన్నారు. ఆయన ఆ మధ్యాహ్నమే పూజకి కలకత్తా వెళ్ళిపోతున్నారు. రిక్షా ఎక్కుతూ కూడా ఇవాళే చూపించు మా అని మళ్ళీ చెప్పారు.

మందు ఆపితే ఏమవుతుందో నాకు ఆయన చెప్పక్కర్లేదు. అంతకు ముందు వేరే ప్రయోగంలో అలా ఆపిన గుంపుని నేనే చూసుకున్నాను. అవి గోల చెయ్యవు. మేత ముట్టవు, బోను మూలకి వెళ్ళి వీపు వంచుకుని కూర్చుంటాయి. కాస్త చలిగాలి తగిలితే చాలు, పొద్దున్న వెళ్ళేసరికి అలాగే కూర్చుని ఉంటాయి, ముట్టుకుంటే చల్లగా ఉంటాయి.

ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతున్నాడు. నేను చెప్పిందంతా విని, చెయ్యూపి, ‘నేనేటి ఎలకనా?’ అన్నాడు. అమ్మకి అర్థమైందల్లా ఆసుపత్రి అన్న ఒక్క మాట. ఆసుపత్రికెళ్తే అన్‌ఫిట్, అన్‌ఫిట్ అయితే ఈ క్వార్టరు ఉండదు, తమ్ముళ్ళ చదువులుండవు, నాకు సంబంధం రాదు అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. బయట డాక్టరుకి చూపిద్దామన్నాను. ఈ ఊళ్ళో బయట డాక్టరూ రైల్వే డాక్టరూ కలిసి పేకాడతారని నాన్న అన్నాడు. సరే, కనీసం పొడి మానకండి అని బతిమాలుకున్నాను. పొట్లాలు చూస్తే ఆఖరిది ఆ పొద్దున్నే అయిపోయింది.

మర్నాడు తెల్లారగానే గోల్ బజారుకి పరుగెత్తాను. సప్తమి. పందిళ్ళ ముందు ఢాకీలు డోళ్ళు వాయిస్తున్నారు, కొత్త బట్టల జనం రోడ్డు నిండా. కవిరాజు కొట్టుకి తాళం. పక్క కొట్టు దీదీని అడిగితే పూజకి సొంతూరు వెళ్ళాడు, లక్ష్మీపూజ అయ్యాక వస్తాడంది. ఏ ఊరో ఆమెకి తెలియదు. ఆ తాళం పట్టుకుని ఊపాను, పిచ్చిదానిలా. మందుల షాపులో ఆ మాత్ర కొని ఇచ్చెయ్యొచ్చుగా అని మీరిప్పుడు అడుగుతారు. తెరిచి ఉన్న షాపు దాకా వెళ్ళాను కూడా. ఎంత ఇవ్వాలి? ఎలక బరువుకి ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మనిషికి ఎంతో నాకు తెలియదు. నా చేత్తో తక్కువిచ్చినా చంపినదాన్నే, ఎక్కువిచ్చినా చంపినదాన్నే అనిపించి, ఉత్తచేతులతో తిరిగొచ్చాను.

అష్టమినాడు నాన్న ఉపవాసం. ఏటా దుర్గాష్టమికి పచ్చి నీళ్ళు ముట్టడు. ఈసారి వద్దని కాళ్ళ మీద పడ్డాను. అమ్మవారికి కోపం తెప్పించమంటావా అని అమ్మ నన్ను లేవదీసి తిట్టింది. ఆ రోజంతా నేను నాన్ననే చూస్తూ కూర్చున్నాను. ఆ చూపు మీద నాకే అసహ్యమేసింది. కూతురు తండ్రిని చూసే చూపు కాదు అది. ఊపిరి ఎలా ఉంది, చెయ్యి వణుకుతోందా, మూలకి జరుగుతున్నాడా అని బోనులో ఎలకని చూసినట్టే చూశాను. సాయంత్రం నాన్న కుర్చీ వదిలి, గోడ మూలకి చాప లాక్కుని, వీపు వంచుకుని కూర్చున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేవండి నాన్నా, ఇలా ఇవతలకి రండి అని అరిచాను. ఏటే ఆ కేకలు, కాస్త నీరసమేసి కూచున్నాను అన్నాడు, ఎప్పుడూ లేనంత మెల్లగా.

నవమికి మోకాళ్ళు మళ్ళీ వాచాయి. ఉపవాసం విడిచి పులిహోర పెడితే రెండు మెతుకులు తిని వాంతి చేసుకున్నాడు. ఎవరి మీదా అరవలేదు. తమ్ముళ్ళు ఇంట్లో బంతాట ఆడినా ఏమీ అనలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే అమ్మకి కూడా అప్పుడు భయం పట్టుకుంది. అయినా పొద్దున్న చూద్దాం, పండగ పూట ఆసుపత్రేటి అంది. నేను గొడవ పెట్టుకున్నాను, ఇంట్లోంచి పోతానని బెదిరించాను, ఏడ్చాను. నాన్న కళ్ళు మూసుకుని పడుకునే ఉన్నాడు.

దశమి పొద్దున్న మొహం కడుక్కోడానికి కొళాయి దగ్గరికి వెళ్ళి అక్కడే కూలిపోయాడు. ఒళ్ళంతా చెమట, చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది. ఇంక నేను ఎవరి మాటా వినలేదు. పక్కింటి వాళ్ళ సాయంతో రిక్షాలో వేసుకుని, తల నా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. అమ్మ ఇంకో రిక్షాలో వెనకే వచ్చింది. దారి పొడుగునా నిమజ్జనం హడావుడి. రిక్షా ఆగిన చోటల్లా నాన్న ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను.

ఆసుపత్రిలో చిన్న వయసు బెంగాలీ డాక్టరు డ్యూటీలో ఉన్నాడు. నాడి చూశాడు, రక్తపోటు చూశాడు, మళ్ళీ చూశాడు. అతని మొహం మారడం నేను చూశాను. సెలైన్ పెట్టించి, ఈయన ఇంట్లో ఏదైనా మందు వాడుతున్నాడా అని హిందీలో అమ్మని అడిగాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగేలా. ‘నహీ బాబూ, కుఛ్ నహీ’ అంది. ఒక్క మాత్ర కూడా ముట్టడని, ఎప్పుడూ జబ్బు పడలేదని, ఉపవాసం వల్ల ఇలా అయిందని వరసగా చెప్పింది.

నాన్న కళ్ళు తెరిచాడు. నోరు కదిలింది, మాట రాలేదు. తల తిప్పి తిన్నగా నా వైపు చూశాడు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంట్లో మాట గడప దాటిందంటే ఏం చేస్తాడో చెప్పే చూపు అది. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. చెప్తే ఆయన ఉద్యోగం పోతుంది, యార్డులో ఆయన నడక, ఆ గొంతు, ఆ ఛాతీ అన్నీ పోతాయి, జన్మలో నా మొహం చూడడు. చెప్పకపోతే సాయంత్రానికి ఉండడు. ఆ క్షణం నాకు చావు కంటే ఆ చూపంటేనే ఎక్కువ భయమేసిందని చెప్తే మీరేమనుకున్నా సరే.

అమ్మ చెయ్యి విదిలించుకుని డాక్టరుతో బెంగాలీలో చెప్పేశాను. పొడి సంగతి, ఎలకల సంగతి, గ్రంథి సంగతి, ఎప్పుడు ఆగిందో, సర్ ఏమన్నారో అంతా. చెప్తున్నంతసేపూ నాన్న వైపు చూడలేదు. డాక్టరు మధ్యలోనే నర్సుకి కేక వేశాడు. నాకూ అదే అనుమానంగా ఉంది, మొహం చూడగానే అనుకున్నాను, ఎవరో ఒకరు చెప్తే గానీ ధైర్యం చాలదు అంటూనే తనే సూది వేశాడు. ప్రెడ్నిసొలోన్ జాతిదే, నేరుగా రక్తంలోకి. నేను వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని కూలబడ్డాను. వెనక నుంచి అమ్మ వచ్చి, ఏడుస్తూ, నా వీపు మీద రెండు చరుపులు చరిచింది. సాయంత్రానికి నాన్న చేతికి వెచ్చదనం వచ్చింది.

మనిషి దక్కాడు. అమ్మ భయపడ్డవి కూడా చాలామటుకు జరిగాయి. డాక్టరు మంచివాడే గానీ చూసింది రాయక తప్పదు కదా. మెడికల్‌కి పిలిచారు, షంటింగ్‌కి పనికిరాడన్నారు, పార్సిలాఫీసులో మూటలకి చీటీలు అంటించే పనిలో కూర్చోబెట్టారు. జీతం తగ్గింది. అదే ట్రాఫిక్‌లో చివరి వరసలో ఒక్క గది క్వార్టరుకి మారాం. డాక్టరు రాసిచ్చిన మాత్రలు వారం వారం తగ్గిస్తూ వేసుకుంటుంటే నాన్న బుగ్గలు మెల్లగా లోపలికి పోయి, వెనకటి మొహం బయటికొచ్చింది. మోకాళ్ళు పూర్తిగా తగ్గలేదు. కర్ర పట్టుకున్నాడు.

అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. కంచం ముందు పెట్టడం కూడా చప్పుడయ్యేలా పెట్టేది. అది నేను ఓర్చుకోగలను, నాకూ నోరుంది, తిరిగి సాధించేదాన్ని. ఓర్చుకోలేనిది నాన్న మౌనం. ఆసుపత్రి నుంచి వచ్చాక నాతో అవసరానికి మించి ఒక్క మాట లేదు. నేను గదిలోకి వెళ్తే కళ్ళు దించుకునేవాడు. ఎలకల ముద్దల గురించి ఏడిపించడం లేదు. నా మీద అసహ్యం పుట్టిందని, దాన్ని దాచుకుంటున్నాడని, ఏదో ఒక రోజు అనేస్తాడని రోజూ భయపడుతూ ఇంటికి వచ్చేదాన్ని. సర్ దగ్గర పాదరసంలో ఎలక కాలు ముంచుతుంటే కూడా అదే ఆలోచన. సుభాష్‌పల్లి నుంచి నడిచొస్తూ, వాకిట్లో ఆయన లేకపోతే బావుణ్ణని కోరుకున్న రోజులున్నాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అది తేలిపోయింది. నాన్న వేడినీళ్ళ బకెట్టు ముందు కూర్చుని గుడ్డ తడిపి మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటున్నాడు. బియ్యం డబ్బా అడుగంటిందని అమ్మ విసుక్కుంటోంది. నేను ఏదో అనబోయాను. అంతే, ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నది ఆమె నోట్లోంచి వచ్చేసింది. ‘నీ నోటి మూలాన్నే కదేటే ఇదంతా? మీ నాన్న అలాగ కళ్ళతోటి వద్దు వద్దని సెప్తన్నా ఆగినావా?’

నిజమే కదా, ఆ కళ్ళు నేనూ చూశాను. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నాన్న గుడ్డ పిండి బకెట్టు అంచు మీద వేశాడు. తరవాత యార్డు గొంతుతో కాదు, డీలాగా, అమ్మ వైపు చూడకుండా అన్నాడు.

‘దాన్నేటీ అనకు. ఆయేల నాకు నోరు పెగల్లేదు. నువ్వేమో మందేటీ లేదనీసినావు. డాక్టరు ఎలిపోతన్నాడేమో అనుకున్నాను. ఇంక ఈ గుంట మొకమే సూస్తా పడున్నాను. ఈ మాట సెప్పుకోడానికి సిగ్గేసి ఇన్నాళ్ళు ఊరుకున్నాను గానీ... నాకు జడిసి ఇది కూడా సెప్పదేమోనని, సెడ్డ బయమేసినాది.’